మెల్లని స్వరము వినబడాలంటే



ఈ రోజుల్లో చిన్న పల్లెటూరి సంఘములో కూడ ఆదివారపు ప్రసంగమును సెల్‌ఫోనులో రికార్డు చేయడం మామూలయింది. మందిరానికి రాలేని వృద్ధులకు, మంచాన పడినవారికి, పనికోసం హైదరాబాదుకో, గల్ఫ్ దేశాలకో వెళ్ళిన పిల్లలకు ఆ రికార్డింగును వాట్సాప్‌లో పంపుతున్నారు. ఇది మంచి పరిచర్య. అయితే ఈ పని చేసే యవ్వనస్థులకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పాస్టరు గారు ప్రార్థనలో మెల్లగా పలికిన మాటలు వినబడవు. వినబడాలని సౌండు పెంచితే, ఆయన గొంతెత్తినప్పుడు చెవులు గింగురుమంటాయి. పెంచడము, తగ్గించడము, మళ్ళీ పెంచడము. చేతిలో ఫోను పట్టుకొని ఈ పని చేయలేని ముసలివారు కాసేపటికి విసిగి కట్టేస్తారు.

ఈ చిక్కుకు కంప్యూటరులో మంచి పరిష్కారము ఉంది. దానికి ఖర్చు లేదు. ఒక సాయంత్రము కూర్చుంటే నేర్చుకోవచ్చు. ఆ పని ఎలా చేయాలో, ఎంతవరకు చేయాలో, ఎక్కడ ఆపాలో ఈ నెల చెప్పుకుందాము.

ఎత్తులు, పల్లములు

ఒక రికార్డింగులో అన్నిటికంటె మెల్లని మాటకు, అన్నిటికంటె పెద్ద కేకకు మధ్య ఉన్న దూరాన్ని డైనమిక్ రేంజ్ అంటారు. దానిని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మన దైవసేవకుల ప్రసంగములలో ఈ దూరము చాల ఎక్కువ. వాక్యము చదివేటప్పుడు ఒక స్థాయి, మారుమనస్సుకు పిలిచేటప్పుడు ఒక స్థాయి, చివర కన్నీటితో ప్రార్థించేటప్పుడు మరొక స్థాయి.

మందిరములో కూర్చున్నవారికి ఇది ఇబ్బంది కాదు. ఎదురుగా ఆయన ముఖము, పెదవుల కదలిక కనబడుతుంటాయి. అందరూ నిశ్శబ్దముగా ఉంటారు. ఇంటి దగ్గర సంగతి వేరు. పైన ఫ్యాను తిరుగుతుంటుంది, వంటింట్లో కుక్కరు కూత వేస్తుంది, వీధిలో ట్రాక్టరు పోతుంది. ఫోనులోని స్పీకరు గోరంత ఉంటుంది. మెల్లని మాటలు ఆ చప్పుళ్ళ కింద మునిగిపోతాయి.

ఏ మాటలు మునిగిపోతాయో గమనించండి. పాపమును గద్దించిన మాట పెద్దగానే పలుకుతారు గనుక అది వినబడుతుంది. దుఃఖములో ఉన్నవారిని ఆదరించిన మాట, రోగుల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి చేసిన ప్రార్థన మెల్లగా పలుకుతారు గనుక అవి పోతాయి. మంచము మీద ఉన్న మనిషికి గద్దింపు చేరి, ఆదరణ చేరకపోతే మనము పంపినది సగము ప్రసంగమే.

దేవుడు చెవిలో పెట్టిన ఏర్పాటు

చెవిని కలుగజేసిన దేవుడు వింటాడని కీర్తనకారుడు మనకు గుర్తుచేస్తాడు (కీర్తన 94:9). ఆ చెవి నిర్మాణమును చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. మధ్య చెవిలో స్టేపిస్ అనే ఎముక ఉంది. మన శరీరములోని ఎముకలన్నిటిలో అదే చిన్నది, సుమారు 3 మిల్లీమీటర్లు. దానిని పట్టుకొని ఒక చిన్న కండరము ఉంది. పెద్ద శబ్దము వచ్చినప్పుడు ఆ కండరము బిగుసుకొని, లోపలికి వెళ్ళే శబ్దమును కొంత తగ్గిస్తుంది. అయితే బిగుసుకోవడానికి దానికి కొద్దిపాటి సమయము పడుతుంది. టపాకాయ పేలినట్లు ఒక్కసారిగా వచ్చే శబ్దమునుండి అది చెవిని కాపాడలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు మళ్ళీ పనికివస్తుంది.

ఇంకా లోపల, నత్తగుల్ల వంటి భాగములో, వెంట్రుకల వంటి సన్నని పోగులు గల కణములు వరుసలుగా ఉన్నాయి. వాటిలో ఒక రకము కణములు మెల్లని శబ్దములను పెంచి అందిస్తాయి, పెద్ద శబ్దములను అంతగా పెంచవు. అందుకే ఆరోగ్యమైన చెవి చెట్టు ఆకు కదలికను వింటుంది, ఉరుమును కూడ తట్టుకుంటుంది.

వయస్సు పెరిగేకొద్దీ ఈ కణములు చాలమందిలో దెబ్బతింటాయి. అప్పుడు మెల్లని శబ్దము వినబడదు, పెద్ద శబ్దము మాత్రము మునుపటిలాగే తగులుతుంది. మన ఇళ్ళలో ఇది రోజూ చూస్తాము. "వినబడలేదురా, కాస్త గట్టిగా చెప్పు" అంటుంది అవ్వ. మనము గొంతు పెంచగానే "ఎందుకురా అట్లా అరుస్తావు, నాకేమన్నా చెవుడా?" అని కసురుకుంటుంది. ఆమె పేచీ పెట్టడము లేదు. రెండు మాటలూ నిజమే. ఆమె వినగలిగే మెల్లని శబ్దానికి, ఓర్చుకోగలిగే పెద్ద శబ్దానికి మధ్య చోటు ఇరుకైపోయింది. ఈ కాలపు వినికిడి యంత్రములు చాలవరకు చేసేది కూడ ఇదే. మెల్లని శబ్దమును ఎక్కువ పెంచి, పెద్ద శబ్దమును తక్కువ పెంచి, ఆ ఇరుకు చోటులో అమర్చుతాయి.

కాబట్టి మన రికార్డింగులో ఎత్తులను కొంత దించి, పల్లములను కొంత లేపితే ఆ అవ్వకు మేలు చేసినవారమవుతాము.

రేడియో రోజులనుండి ఉన్న పద్ధతి

ఇది కొత్తగా పుట్టిన పని కాదు. రేడియో ప్రసారములలో శబ్దము హద్దు దాటకుండా తనంతట తానే తగ్గించే యంత్రములను 1930వ దశకములోనే వాడడము మొదలుపెట్టారు. షార్ట్‌వేవ్ రేడియోలో దీని అవసరము మరీ ఎక్కువ. సేషెల్స్ దీవులనుండి 1970 మొదలుకొని 2003 వరకు ఫీబా రేడియో భారతీయ భాషలలో సువార్త కార్యక్రమములు ప్రసారము చేసింది. అలాంటి ప్రసారములు విన్న పెద్దలకు ఆ గరగర శబ్దము ఇప్పటికీ గుర్తుంటుంది. సముద్రము దాటి వచ్చే తరంగము హెచ్చుతగ్గులవుతుంటుంది. ప్రసంగీకుని స్వరము ఒకే స్థాయికి దగ్గరగా ఉంటేనే ఆ గరగర మీదుగా మాట తేలి వస్తుంది. అందుకే స్వరమును ముందే అదుపుచేసి పంపడము షార్ట్‌వేవ్ కేంద్రములకు మామూలు పద్ధతి.

అప్పుడు స్టేషనులో పెద్ద యంత్రము చేసిన పనిని ఇప్పుడు కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు చేస్తుంది. దాని పేరు కంప్రెషర్. ఒక సంగతి ముందే చెప్పాలి. ఫైలు సైజు తగ్గించడానికి ఎం.పి.3గా మార్చడమును కూడ కంప్రెషన్ అంటారు. అది వేరు, ఇది వేరు. అది ఫైలు బరువును తగ్గిస్తుంది. ఇది స్వరములోని ఎత్తుపల్లముల తేడాను తగ్గిస్తుంది.

కంప్రెషర్ చేసే పని

ఉజ్జీవ కూటములలో ఆంప్లిఫయర్ దగ్గర కూర్చునే కుర్రవాడిని తలచుకోండి. అతని చేయి సౌండు మీట మీదే ఉంటుంది. ప్రసంగీకుడు కేక వేయగానే తగ్గిస్తాడు. నెమ్మదించగానే మునుపటి చోటికి తెస్తాడు. కంప్రెషర్ అలాంటి కుర్రవాడే. నిద్రపోడు, పక్కవారితో మాట్లాడడు. అయితే ఎప్పుడు తగ్గించాలో, ఎంత తగ్గించాలో మనమే చెప్పాలి. చెప్పవలసినవి ఐదు.

మొదటిది థ్రెషోల్డ్. మన మాటలో చెప్పాలంటే గడప. స్వరము ఈ గడప దాటినప్పుడే కంప్రెషర్ పని మొదలుపెడుతుంది. దాటని స్వరమును ముట్టుకోదు.

రెండవది రేషియో. గడప దాటిన భాగమును ఎంతకు కుదించాలో ఇది చెబుతుంది. 3కి 1 అని పెడితే, గడపపైన 3 డెసిబెల్స్ లేచిన స్వరమును 1 డెసిబెల్‌కే లేవనిస్తుంది.

మూడవది అటాక్. స్వరము గడప దాటిన తరువాత ఎంత త్వరగా తగ్గించాలో చెప్పేది. చెవిలోని చిన్న కండరమును గూర్చి పైన చెప్పుకున్నాము గదా, ఇక్కడా అదే సంగతి. ఆలస్యమైతే కేకలోని మొదటి భాగము తప్పించుకొని పోతుంది.

నాలుగవది రిలీజ్. కేక ఆగిన తరువాత ఎంత నెమ్మదిగా మునుపటి స్థితికి రావాలో చెప్పేది.

ఐదవది మేకప్ గెయిన్. ఎత్తులు దించిన తరువాత పైన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ మేరకు మొత్తము స్వరమును పైకి లేపడమే ఇది.

ఒక లెక్క చూద్దాము. కంప్యూటరులో 0 డెసిబెల్ అంటే ఇంటి కప్పు వంటిది. దానికి పైన చోటు లేదు గనుక స్థాయిలన్నీ మైనస్‌లో చెబుతారు. ఒక ప్రసంగములో మెల్లని ప్రార్థన మైనస్ 36 దగ్గర, మామూలు మాట మైనస్ 24 దగ్గర, పెద్ద కేక మైనస్ 6 దగ్గర ఉన్నాయనుకుందాము. మెల్లని మాటకు, కేకకు తేడా 30 డెసిబెల్స్. అంటే శబ్ద తరంగము ఎత్తులో 30 రెట్లకు పైగా తేడా.

ఇప్పుడు గడప మైనస్ 30, రేషియో 3కి 1 పెడదాము. ప్రార్థన గడపకు కిందనే ఉంది గనుక మైనస్ 36లోనే ఉంటుంది. మామూలు మాట గడపకు 6 పైన ఉంది. అది 2 అవుతుంది, అంటే మైనస్ 28. కేక గడపకు 24 పైన ఉంది. అది 8 అవుతుంది, అంటే మైనస్ 22. పైన ఖాళీ వచ్చింది గనుక మొత్తమును 16 డెసిబెల్స్ లేపుదాము. కేక మళ్ళీ మైనస్ 6కు చేరింది. మామూలు మాట మైనస్ 12కు వచ్చింది. మెల్లని ప్రార్థన మైనస్ 36నుండి మైనస్ 20కి లేచింది. 30 ఉన్న తేడా 14 అయ్యింది.

కేక ఉన్నచోటనే ఉంది, ప్రార్థన వినబడే చోటికి వచ్చింది. అయినా ప్రార్థన ఇంకా ప్రార్థనగానే, కేక ఇంకా కేకగానే ఉన్నాయి. వరుస మారలేదు, దూరము తగ్గింది.

పని చేసే క్రమము

దీనికి అనేక సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఉచితముగా దొరికేవాటిలో ఎక్కువమంది వాడేది ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ అనేవారు దీనిని ప్రారంభించగా, 2000వ సంవత్సరములో ప్రజలకు విడుదలయింది. ఇది కంప్యూటరులో పనిచేసేది, ఫోనులో కాదు. సంఘములో ఎవరో ఒకరి ఇంట పాత లాప్‌టాప్ ఉన్నా చాలు.

1. ముందు అసలు రికార్డింగును వేరే చోట భద్రము చేయండి. మార్పులన్నీ నకలు మీదనే చేయండి.

2. పాటలను, ప్రసంగమును విడదీయండి. పాటకు సరిపోయిన కొలత మాటకు సరిపోదు. డోలక్, తబలా దెబ్బలను కంప్రెషర్ వెంటనే నొక్కివేస్తే తాళములో జీవము పోతుంది.

3. ఎవరైనా మైకు మీద దగ్గినా, మైకు కింద పడినా ఆ ఒక్క చోటును ముందుగా చేతితో తగ్గించండి. దీనికి ఆడాసిటీలో ఎన్వలప్ టూల్ ఉంది.

4. ఫ్యాను హోరు ఎక్కువగా ఉంటే నాయిస్ రిడక్షన్ కొద్దిగా వాడండి. కంప్రెషర్‌కు ముందే ఈ పని జరగాలి.

5. ప్రసంగమంతా సెలెక్టు చేసి, ఎఫెక్ట్ మెనూలో వాల్యూమ్ అండ్ కంప్రెషన్ అనే చోట కంప్రెషర్ తీయండి. 2024లో వచ్చిన 3.6 వెర్షనునుండి ఇందులో స్వరము ఎక్కడ ఎంత తగ్గుతున్నదో బొమ్మగా కనబడుతుంది. పాత వెర్షనులో కూడ థ్రెషోల్డ్, రేషియో ఉన్నాయి గాని, అటాక్, రిలీజ్ చాల నిదానమైనవి. మొదట రేషియో 3, అటాక్ 10 మిల్లీసెకన్లు, రిలీజ్ 200 మిల్లీసెకన్లు పెట్టి చూడండి. గడపను మాత్రము రికార్డింగును బట్టి పెట్టాలి. మామూలు మాట దానిని కొంచెము దాటేటట్లు, మెల్లని మాట కిందనే ఉండేటట్లు చూసుకోండి.

6. తరువాత లిమిటర్‌ను మైనస్ 1 డెసిబెల్ దగ్గర పెట్టండి. ఇది ఏ శబ్దమునూ దాటనివ్వని గోడ. గోడ అవసరమే గాని, స్వరము అస్తమానము గోడకు కొట్టుకుంటూ ఉంటే ముందటి మెట్టు సరిగా చేయలేదని అర్థము.

7. చివరగా లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో మైనస్ 16 ఎల్.యు.ఎఫ్.ఎస్. అని ఇవ్వండి. చెవికి సగటున ఎంత పెద్దగా అనిపిస్తుందో కొలిచే కొలత ఇది. ఆపిల్ సంస్థ తన పాడ్‌కాస్టులకు సూచించే స్థాయి కూడ ఇదే. ప్రతి వారము ఒకే అంకె పెడితే, వినేవారు వారము వారము సౌండు సరిచేసుకోనక్కరలేదు.

8. ఒక్క స్వరమే గనుక మోనోగా, 64 కె.బి.పి.ఎస్. ఎం.పి.3గా భద్రము చేయండి. గంట ప్రసంగము 29 ఎం.బి.కి మించదు. సిగ్నలు సరిగా అందని పల్లెలో కూడ దిగుతుంది.

పంపే ముందు హెడ్‌ఫోనులో విన్నది చాలదు. మామూలు ఫోను స్పీకరు మీద, ఫ్యాను వేసుకొని, నాలుగు అడుగుల దూరములో పెట్టి వినండి. మీరు ఎవరికి పంపుతున్నారో వారు వినేది అలాగే.

జాగ్రత్త పడవలసినవి

మెల్లని మాటను 16 డెసిబెల్స్ లేపినప్పుడు దాని వెనుక ఉన్న ఫ్యాను హోరు, వీధిలోని కుక్కల అరుపు కూడ 16 డెసిబెల్స్ లేస్తాయి. ఏది మాటో, ఏది రొదో కంప్రెషర్‌కు తెలియదు. గడప మరీ కిందికి దించి, రేషియో 8, 10 అని పెడితే, ప్రసంగీకుడు ఊపిరి తీసుకునే ప్రతిసారి హోరు పైకి ఉబికి, మాట మొదలవగానే అణగిపోతుంది. చాల ఫోనులలోని రికార్డర్లు తమంతట తామే ఇలాంటి పని కొంత చేస్తాయి గనుక మనము మళ్ళీ ఎక్కువ చేయకూడదు.

దీనికి మొదటి మందు సాఫ్ట్‌వేరులో లేదు, మైకును నోటికి దగ్గరగా పెట్టడములో ఉంది. బయలులో దూరము రెట్టింపైన ప్రతిసారి స్వరము సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక అడుగు దూరములో ఉన్న మైకును నాలుగు అడుగులకు జరిపితే 12 డెసిబెల్స్ పోయినట్లే. గోడలున్న మందిరములో కొంత తక్కువ పోయినా, ఆ దూరమునుండి గొంతుతోపాటు గోడల ప్రతిధ్వని కూడ పడుతుంది. దానిని తరువాత తీసివేయడము కష్టము.

అలాగే రికార్డు చేసేటప్పుడే స్వరము 0ను దాటితే తరంగపు తల తెగిపోతుంది. అది చిరిగిన గొంతులా వినబడుతుంది. తెగిన భాగమును ఏ సాఫ్ట్‌వేరు ఉన్నది ఉన్నట్లుగా తిరిగి తేలేదు. కాబట్టి పెద్ద కేక కూడ మైనస్ 6 దాటకుండా రికార్డు చేయండి. మెల్లగా పడిన స్వరమును తరువాత లేపవచ్చు, తెగిన స్వరమును అతకలేము.

అందరికంటె పెద్దగా వినబడాలనే ఆశ

ఇక్కడ ఒక శోధన ఉంది. కంప్రెషర్‌ను గట్టిగా బిగిస్తే రికార్డింగు అంతా ఒకే బలముతో మ్రోగుతుంది. మొదటి నిమిషము వినేవారికి అది గొప్పగా అనిపిస్తుంది. సంగీత ప్రపంచము ఈ శోధనలో చాల కాలము పడిపోయింది. 1990వ దశకమునుండి పాటల సి.డి.లు ఒకదానికంటె ఒకటి పెద్దగా మ్రోగాలని పోటీపడ్డాయి. 2008లో మెటాలికా అనే అమెరికా సంగీత బృందము విడుదల చేసిన ఆల్బములో శబ్దమును ఎంతగా బిగించారంటే, ఆ బృందము అభిమానులే వినలేకపోతున్నామని, సరిచేసి ఇవ్వమని వేలాదిగా సంతకములు పెట్టారు.

ఆ పోటీకి కళ్ళెము పడింది. ఐరోపా ప్రసార సంస్థల సమాఖ్య 2010లో శబ్దపు స్థాయిని సగటు మీద కొలిచే పద్ధతిని సిఫారసు చేసింది. నేడు యూట్యూబ్ వంటివి కూడ హద్దు దాటి మ్రోగే రికార్డింగును తామే తగ్గించి వినిపిస్తాయి. అంటే, అందరికంటె పెద్దగా ఉండాలని బిగించినవాడికి పెద్ద శబ్దము దక్కదు. స్వరములోని ఎత్తుపల్లములు మాత్రము పోతాయి.

సంఘములో పోయేది ఇంకా విలువైనది. హోరేబు కొండ మీద ఏలీయాకు కలిగిన అనుభవమును జ్ఞాపకము చేసుకోండి (1 రాజులు 19:11-12). పెనుగాలి వచ్చింది, భూకంపము వచ్చింది, అగ్ని వచ్చింది. వాటి తరువాత నెమ్మదియైన స్వరము వచ్చింది. ఆ స్వరమును భూకంపమంత పెద్దది చేస్తే ఆ సంఘటనలో మిగిలేదేమిటి? ప్రవక్త ముఖము కప్పుకొన్నది ఆ నెమ్మదిని విన్నప్పుడే గదా!

దైవసేవకుడు ఒక ప్రశ్న అడిగి, జవాబు చెప్పకుండా కాసేపు నిలిచిపోతాడు. ఆ నిశ్శబ్దములోనే కొందరు తమ హృదయములను పరీక్షించుకుంటారు. కొందరు టైము ఆదా అవుతుందని సాఫ్ట్‌వేరుతో ఆ నిశ్శబ్దములను కత్తిరించేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. అది కూడ ప్రసంగములో భాగమే.

ఎవరి స్వరము పోతున్నది?

చివరిగా ఒక మాట. ఈ పని చేసేవారు తమ రికార్డింగులను ఒకసారి ఈ దృష్టితో వినాలని కోరుతున్నాను. పాస్టరు గారి మెడలో మైకు ఉంటుంది గనుక ఆయన మాట ఎలాగూ పడుతుంది. సంఘ పెద్ద లేచి మైకు దగ్గరకు వస్తాడు, ఆయన మాటా పడుతుంది. వెనుక వరుసలో చాప మీద కూర్చున్న విధవరాలు కొంగు నోటికి అడ్డము పెట్టుకొని సాక్ష్యము చెబుతుంది. ఆమె మైకుకు పదిహేను అడుగుల దూరములో ఉంటుంది. రికార్డింగులో ఆమె స్వరము గుసగుసలా ఉంటుంది. సరిచేసే కుర్రవాడు "ఇది వినబడడము లేదు" అని ఆ భాగమును తీసివేస్తాడు. అతనికి చెడ్డ తలంపు లేదు. అయినా ఇలా వారము వారము జరిగితే, ఆ సంఘపు రికార్డింగులలో బీదవారికి, స్త్రీలకు, వృద్ధులకు స్వరమే లేకుండ పోతుంది.

ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చున్నప్పుడు ధనవంతుల కానుకల మధ్య ఒక బీద విధవరాలి రెండు కాసులను గమనించాడు (మార్కు 12:41-44). ఆ కాసులు చేసిన చప్పుడు ఎంత ఉంటుంది? అందరికీ వినబడనిది ఆయనకు వినబడింది.

కాబట్టి సాక్ష్యముల సమయములో మైకును ఆమె దగ్గరకు తీసుకొని వెళ్ళండి. అది కుదరనప్పుడు, ఆ భాగమును విడిగా సెలెక్టు చేసి, ఆంప్లిఫై ద్వారా మామూలు మాట స్థాయికి లేపి, ఆ తరువాత కంప్రెషర్ వేయండి. కొంచెము హోరు వచ్చినా ఫరవాలేదు. హోరు లేని మౌనము కంటె హోరుతో కూడిన సాక్ష్యము మేలు.

ప్రభువు మార్గమును సిద్ధపరచడమును గూర్చి యెషయా చెప్పినప్పుడు లోయలు లేపబడడము, కొండలు దించబడడము అనే పోలిక వాడాడు (యెషయా 40:3-4). ఊరికి రోడ్డు వేసేవారు చేసేది అదే. గుంటలు పూడ్చుతారు, మెట్టలు చెక్కుతారు. అయితే తెలిసిన మేస్త్రీ రోడ్డును పలకలా చదునుగా వేయడు. వాననీరు జారిపోవడానికి కొద్దిపాటి వాలు ఉంచుతాడు. కర్రపోటుతో నడిచే ముసలమ్మ తట్టుకోకుండా నడవాలి, రోడ్డు చెడిపోకుండా నిలవాలి. మన రికార్డింగు కూడ అలాగే ఉండాలి.

ఎజ్రా కాలములో వాక్యమును చదివి, దాని భావము ప్రజలకు తెలిసేటట్లు చేశారు (నెహెమ్యా 8:8). వినగలిగినవారందరూ అక్కడ సమకూడారు. ఈనాడు మందిరమునకు రాలేని ఒక ప్రాణికి ఆ భాగ్యము కలిగించే అవకాశము మీ చేతిలోని ఆ చిన్న మీటలలో ఉంది. ఈ వారపు ప్రసంగముతోనే మొదలుపెట్టండి. పంపిన తరువాత ఆ ఇంటికి వెళ్ళి, మంచము పక్కన కూర్చొని, "చివరి ప్రార్థన వినబడిందా, అవ్వా?" అని అడగండి. ఆమె ఇచ్చే జవాబును బట్టి వచ్చే వారము గడపను ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.

ప్రభువు మీ చేతుల పనిని దీవించును గాక. ఆమేన్.